పేరెత్తని ఊరు

ప్రియమైన నాన్నగారికి,

వందనాలు. ఇక్కడివాళ్ల భాషలోకి సువార్త తర్జుమా చేసే పని సిలువ దాకా వచ్చింది. రోజూ సాయంత్రం రాసింది చదువుతాను, వాళ్లు విని సొంత మాటల్లో తిరిగి చెబుతారు. తేడా వస్తే దిద్దుకుంటాను. నిన్న యేసు ప్రాణం విడిచిన చోటు చదివాను. తిరిగి చెబుతూ మంత్రసాని అవ్వ అక్కణ్ణుంచి పేరు మింగేసింది. "ఆయన్ని దించారు, ఆయన్ని పాతిపెట్టారు" అంతే! పోయినవాళ్ల పేరు ఇక్కడ ఎవరూ ఎత్తరట. "మళ్లీ ఆ పేరు చదివితే మేం రాం తల్లీ" అనేశారు. పేరు తీసేసి "ఆయన" అని రాయనా? నాకు పాలుపోవడం లేదు.

మీ చిట్టి

చిట్టితల్లికి,

మతి ఉండే రాశావా? పేరు లేని సువార్త ఏం సువార్తే? ఇన్నేళ్ల పాస్టరు పనిలో ఒక్క పొల్లు జారనివ్వలేదు నేను. పేరు తీశావో, మన సంఘం ఆ పుస్తకం అచ్చు వేయించదు. వాళ్లు వినమంటే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్. మందులు వేళకే వేసుకుంటున్నాను, మళ్లీ అడగొద్దు.

నాన్న

ప్రియమైన నాన్నా,

కోప్పడకండి. అమ్మ పోయినప్పటి నుంచి మీరు మాత్రం ఆమె పేరెత్తారా?

పేరు తీయలేదు. చదివేటప్పుడు పేరున్న చోట పలక్కుండా ఆగుతానని మాటిస్తే వచ్చారు. సమాధి ఖాళీగా ఉందని చదివాను. "ఆయన లేచాడు" అన్నాను. అవ్వ దిగ్గున లేచింది. "లేచాడా? బతికున్నాడా? మరైతే పిలవొచ్చుగా!" అంటూ గుమ్మంలోకి పరుగెత్తి, పొలంలో ఉన్న కొడుకుని పిలిచినట్టు "యేసూ!" అని కేకేసింది. వెనకే అందరూ. ఇరుగుపొరుగు బయటికొచ్చేశారు.

నాన్నా, ఒళ్లు గగుర్పొడిచింది. పుట్టినప్పటి నుంచి వింటున్న పేరే. పలుకుతాడని నమ్మి ఎవరైనా పిలవగా వినడం ఇదే మొదటిసారి. భయమేసి మోకాళ్ల మీద పడిపోయాను.

మీ చిట్టి

చిట్టితల్లికి,

నీ ఉత్తరం ఆదివారం ఆరాధనలో చదివాను. ప్రతి ప్రసంగానికీ దగ్గే మన సంఘపెద్ద కూడా దగ్గలేదంటే చూసుకో! పుస్తకంలో పేరు ఉండనీ. చదివేటప్పుడు వాళ్లు ఆగితే ఆగనీ. ఆగినవాళ్లకే కదమ్మా ఆ కేక వచ్చింది! అచ్చుకు పంపు.

నువ్వన్నది నిజమే. ఏడుపొస్తుందని మీ అమ్మ పేరు ఎత్తలేదు. ఎంతమంది సమాధుల దగ్గర "లేస్తారు" అని చెప్పానో నేను! నిన్న సమాధుల తోటకి వెళ్లాను. ఎవరూ లేరులే అనుకుని, పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

చెట్టు చాటు నుంచి తోటమాలి తొంగిచూసి, "ఎవర్ని పిలుస్తున్నారయ్యగారూ?" అన్నాడు.

"మా ఆవిణ్ణి" అన్నాను.

నాన్న