కుడికి తిరగని కారు

నవంబర్ 3, సోమవారం
పొద్దున 5:40. మా కావేరికి కాన్పు. ఆడబిడ్డ! రెండు కిలోల తొమ్మిదొందలు! నేను తాతనైనా! బళ్లారి ఆస్పత్రి మెట్లమీద కనపడినోళ్లందరికీ చెప్పినా. కాలిరిగి వచ్చిన ఒకాయప్ప గూడా "సంతోసమప్పా" అన్న్యాడు, పాపం.

10:00. కావేరికి మాటిచ్చినా. ఆదివారం డిశ్చార్జి. పాపని మన కార్లోనే ఇంటికి తీసుకపోతా.

"నాయనా, ఆ డీజిల్ డబ్బా కటకటమంటాండాది. ఆ సద్దు పోతేనే నా బిడ్డ ఎక్కేది. లేకుంటే ఆటో."

ఆటో! నా మనవరాలి మొట్టమొదటి పయనం ఆటోలోనా!

శపథం: సద్దు యాడిదో నేనే కనుక్కుంటా. మెకానిక్ హులిగెప్ప షెడ్డు గడప తొక్కను. ముప్పైయేండ్లు ట్రాక్టర్ తోలినోన్ని! దినమ్మూ ఆరు నుంచి ఏడు దాకా పరీక్ష.

నవంబర్ 4, మంగళవారం
6:00. షురూ!
నిలబెట్టి రేజ్ చేసినా: డగడగ. అది డీజిల్ బండి గుణం, రోగం కాదు.
క్లచ్ తొక్కినా: అదే డగడగ.
నేరుగా తోలినా: ఏం లేదు.
ఎడమకి తిప్పినా: ఏం లేదు.
కుడికి తిప్పినా: కట్ కట్ కట్ కట్!

దొరికింది! ఒక్క దినానికే! ఇంజనీర్లు నాలుగేండ్లు చదువుతారంట, ఎందుకో. కుడికి తిప్పితే వస్తాది, అంటే రోగం కుడి చక్రంలో ఉండాది. రేపు విప్పేది.

నవంబర్ 5, బుధవారం
పరీక్ష జరగలే. కారణం ఉండాది. ఊరంతా పేడాలు పంచొద్దా? పాప ముక్కు నాదేనని ప్రతి ఇంట్లో చెప్పొద్దా?
మా ఇంటామె నింగమ్మ: "రెండు దినాల బిడ్డకి ముక్కు యాడిదయ్యా? సద్దు కనుక్కోమంటే పేడాలు పంచుకుంటా తిరుగుతాండావు."
ముక్కు నాదే.

నవంబర్ 6, గురువారం
మెకానిక్కులు ఇంజన్‌కి కడ్డీ ఆనించి, ఇంకో కొన చెవికి పెట్టుకుంటారు. నా దగ్గర కడ్డీ లేదు. నింగమ్మ పొయ్యి కాడ ఊదుగొట్టం ఉండాది. పెట్టినా. ఆహా! టిక్కుటిక్కు, గురగుర, బుసబుస, అన్నీ ఇనపడతాండాయి! ఏది ఏందో మాత్రం తెలీలే.

11:00. ఆస్పత్రి. నర్సమ్మ: "అజ్జా, కివిగె ఏనాయ్తు?" చెవికి ఏమైందంట. అద్దంలో చూసుకున్యా. చెవి చుట్టూ మసి.
కావేరి: "నవ్వితే కుట్లు లాగుతాండాయి నాయనా, బయటికి పో!"

నవంబర్ 7, శుక్రవారం
కుడి చక్రం లోపలి కవర్ విప్పినా. చూసినా. నల్లగా ఉండాది. మళ్లా బిగించినా. విప్పినవి ఏడు బోల్టులు, బిగించినవి ఆరు. ఏడోది కంపెనీవోళ్లు ఊరికే పెట్టింటారు.

సాయంత్రం తోలినా. కట్ కట్ అట్లే ఉండాది. దాంతో గూడా గలగల కొత్తది.
నింగమ్మ: "కూతురికి ఒకరు, నీకు కవలలు."

నవంబర్ 8, శనివారం
హులిగెప్ప షెడ్డుకి పోయినా. శపథం తప్పలే. గడప తొక్కనన్న్యా, ఆ షెడ్డుకి గడపే లేదు.

నిమిషం చూసినాడు. "ఎడమ చక్రం జాయింట్ పోయిందప్పా. రబ్బరు పగిలి, గ్రీజు కారిపోయి, మన్ను చేరింది."
"ఎడమా? కుడికి తిప్పితే కదా సద్దు!"
"కుడికి తిప్పితే బరువు ఎడమకి వాలతాది. బస్సు ఎప్పుడన్నా ఎక్కినావా?"

జాయింట్ హుబ్బళ్లి నుంచి రావాలంట. మంగళవారం! మెల్లగా తోల్తే ఏం కాదు, సద్దు మాత్రం వస్తాదంట.

సాయంత్రం 6:00. ఆటో కండ్ల ముందరే తిరుగుతాండాది.
6:20. ఆగు. కుడికి తిప్పితేనే కదా?

నవంబర్ 9, ఆదివారం
10:30. గలగలమనే కవర్ సందులో గుడ్డ కుక్కి బయల్దేరినాం. ఎడమ, ఎడమ, ఎడమ. మూడు ఎడమలు ఒక కుడికి సమానం. సద్దు సున్నా! పాప నిద్రపోతాండాది!
కావేరి: "నాయనా, ఈ పెట్రోల్ బంకు కాడికి వచ్చేది మూడోసారి."
"పెద్ద బంకమ్మా అది."

12:15. మా సందు కుడిపక్క. చుట్టి వద్దామంటే కాలువ అడ్డం. బండి నిలిపేసినా.
"దిగండి! మా వంశంలో పసిబిడ్డని మెరవణిగెతో, ఊరేగించుకుంటానే ఇంటికి తీసుకపోవాల!"
నింగమ్మ: "యా వంశమయ్యా? నలభైయేండ్లాయ వచ్చి, నేను ఇనలే."
"ఇప్పుడు ఇను."

పక్కింటి మద్దమ్మ హారతి తట్ట తెచ్చింది. సందంతా కదిలొచ్చింది. కావేరి నా చెవిలో అడిగింది: "కుడికి తిప్పితే ఇంకా వస్తాదా?"
ఒప్పేసుకున్యా. జాయింట్, హుబ్బళ్లి, అన్నీ చెప్పేసినా.
కుట్లు పట్టుకోని నవ్వింది. "ఇంద, నువ్వే ఎత్తుకో. మెరవణిగె నీది కదా."
ఎత్తుకున్యా. ముప్పై అడుగులు. కారుందనే మరిసిపోయినా.

నవంబర్ 11, మంగళవారం
హులిగెప్ప జాయింట్ వేసినాడు, కవర్ బిగించినాడు. కుడికి తిప్పినా. నిశ్శబ్దం!
ఆ నిశ్శబ్దంలో: కుయ్... కుయ్... ఇన్ని దినాలూ పెద్ద సద్దు కింద దాక్కోనుండాది, దొంగది!

కావేరి: "మూడో నెలలో కుడతినికి, మా అత్తగారింటికి పోవాల. ఆ కుయ్‌కుయ్ పోతే నీ కారు. లేకుంటే ఆటో."
ఇంకా రెండు నెలలుండాయి! శపథం: నేనే కనుక్కుంటా. హులిగెప్పకి చెప్పేదే లేదు. రేపు ఆరింటికి షురూ.

ఆరు కాదు, ఏడు. ఆరింటికి పాపకి నీళ్లు పోస్తారు, చూడాల.