అప్పలమ్మ చుట్ట, కెజియా వేప్

జూన్ 3, మంగళవారం
పొందూరు. పొగాకు మాన్పించే నా ఉద్యోగంలో భాగంగా నూలు వడికే ఆడవాళ్ళని వరసగా అడిగాను, పొగ తాగుతారా అని. లేదు, లేదు, లేదు. ఒక్కరూ లేరు! సంతోషం పట్టలేక మా ఆసుపత్రి డాక్టరుగారికి ఫోన్ కూడా చేసేశాను.

జూన్ 4
తొందరపడ్డాను. భలే తొందరపడ్డాను.
అప్పలమ్మ రాట్నం తిప్పుతూ మాట్లాడుతోంది... మాట మధ్యలో నోట్లోంచి పొగ! పెదాల మధ్య చుట్ట, కాలే వైపు లోపలికి. అడ్డపొగ గురించి ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పారు. కళ్ళారా చూడడం ఇదే మొదలు.
"నిన్న లేదన్నావు కదమ్మా?"
"పొగ తాగడం మొగోళ్ళ పని కదేటి? నాను అడ్డసుట్ట ఏసుకుంటాను. నిప్పు బయటుంటే దూది అంటుకోదా?"
నా పోస్టర్ మీదేమో సిగరెట్ పట్టుకున్న మీసాలాయన! ఎవరి కోసం మోసుకొచ్చాను దాన్ని? నవ్వొస్తోంది, సిగ్గేస్తోంది. ప్రశ్న మార్చాలి.

జూన్ 6
"అడ్డచుట్ట వేసుకుంటారా?" — ఎన్ని చేతులు లేచాయో! ఇక పని ఉంది, బోలెడంత పని.
అప్పలమ్మని నోరు తెరవమన్నాను. అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రగా. నా నవ్వు ఆగిపోయింది.

జూన్ 9
డాక్టరుగారు టార్చి వేసి చూశారు. చుట్ట ఇవాళే ఆపాలి. కొన్ని వారాలాగి మళ్ళీ చూస్తారు. మచ్చ తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. క్యాన్సర్ కావచ్చని అప్పలమ్మ ముఖం మీదే చెప్పేశారు.
"సుట్ట నేకపోతే నాకు పని సాగదమ్మా." అంతే, బస్సెక్కి వెళ్ళిపోయింది. ఒళ్ళు మండింది నాకు.

జూన్ 15, ఆదివారం
రాయకుండా ఉండలేను!
చర్చి హాల్లో పొగ మానాలనుకునేవాళ్ళకి మేం పెట్టిన మీటింగ్. పాస్టరుగారు చోటిచ్చారు. ఇద్దరు రైతులు, ఒక ఆటో ఆయన, బతిమాలితే వచ్చిన అప్పలమ్మ. చివరి కుర్చీలో కెజియా — డిగ్రీ చదువుతోంది, అదే చర్చిలో పాటలు పాడుతుంది, వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, మానలేకపోతోంది. ఆ వేప్‌ని అప్పలమ్మ చేతిలోకి తీసుకుని వాసన చూసింది.
"ఓలమ్మ, మావిడిపండు వాసనొస్తన్నాది! ఇందుల ఏటుంటాది గుంటా?"
"నికోటిన్ మామ్మా. నీ సుట్టలో ఉన్నదే."
"ఒసే, ఇంత సిన్న వయసులో నీకేటి కర్మ? మానీ. నువ్వు మానితే నానూ మానెత్తాను. నువ్వు ముట్టుకున్నావా... నానూ ఎలిగిత్తాను."
హాలంతా చప్పట్లు. నేనిన్నాళ్ళు క్లాసు పీకినా కదలని మనిషి! కెజియా కళ్ళు తుడుచుకుని సరేనంది.

జూన్ 20
"సుట్ట నేక నోరు సల్లగా అయిపోనాదమ్మా, ఏటోలాగుంది" అంటోంది అప్పలమ్మ. వేడి శొంఠినీళ్ళు తాగిస్తున్నాను. కెజియా రోజూ కాలేజీ నుంచి అప్పలమ్మ ఇంటికే వస్తోందట, రాట్నం నేర్చుకుంటానని. దారం తెంపినప్పుడల్లా తిట్లు!

జూలై 4
టార్చి వేసి నేనే చూశాను. మచ్చ పల్చబడింది. నాకలా అనిపించిందా, నిజమేనా... డాక్టరుగారు చూడాలి. నాకు కాళ్ళు నేల మీద నిలవట్లేదు.

జూలై 8
కెజియా ఫోన్. పరీక్షల భయంతో రెండు దమ్ములు పీల్చిందట. "మామ్మకి సెప్పకండి మేడమ్. మళ్ళీ ఎలిగిస్తాది."
చెప్పకపోతే? చెప్తే? డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాల్సింది రేపే.

అదే రోజు, సాయంత్రం
అప్పలమ్మ ఇంటికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే కెజియా తనే చెప్పేసింది. అప్పలమ్మ రాట్నం ఆపింది.
"బయవేసిందేటి?"
"ఊఁ."
"నాకూ బయవేగానీ... రేపు డాట్రుకాడికి నాతో వస్తావేటి, గుంటా?"
వస్తానంది. మళ్ళీ వెలిగిస్తానన్న చుట్ట సంగతి అప్పలమ్మ ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పొద్దున్న తొలి బస్సుకి ముగ్గురం వెళ్తున్నాం.