పాప మాత్రల సీసా నా పనిసంచిలో ఉంది

తమ్ముడూ,

పొయ్యి మీద జావ ఉంది. బరువు తగ్గాలని పొట్ట కోయించుకున్నవాడివి, రెండేసి చెంచాలు ఆగి ఆగి తాగు. పాప మాత్రల సీసా కోసం ఇల్లంతా వెతక్కు, నేను పట్టుకుపోతున్నాను.

చదువు మీద దృష్టి నిలవడానికి పాపకు రాసిచ్చిన మాత్రలు నువ్వు మింగి, సీసాలో నీ కాల్షియం బిళ్ళలు పోశావు. "పెదనాన్నా, సుద్దముక్క నమిలినట్టుంది" అని అది అంటేగాని నాకు తెలియలేదు. ఆపరేషన్ అయినప్పటినుంచి పాప మాత్రలు లేకపోతే మంచం దిగలేవట. పొట్టతోపాటు సిగ్గు కూడా కోసి పారేశారా? సాయంత్రం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. నోరు విప్పాల్సింది మాత్రం నువ్వే.

ఇంకోమాట. నువ్వు తన మాత్రలు మింగుతున్నావని పాపకి ముందే తెలుసు. "నాన్నని తిట్టకు పెదనాన్నా, అడిగితే సగం నేనే ఇస్తాను" అంది. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.