చిట్టికి పెద్ద చక్రాలు

చిరంజీవి పెద్దతల్లికి అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నీ అక్షరాలు ఈసారి వంకర పోలేదు, అంటే చేతుల్లో సత్తువ వచ్చినట్టే. మాత్ర మింగనని మొరాయిస్తే నర్సు నీ ముక్కు పట్టుకుందట, చదివి నవ్వుకున్నాను. ఇంత వయసొచ్చినా నీ గారాలు పోలేదు.

నువ్వు అడిగిన వాటికి జవాబులు. నీ గది కిటికీ బాగు చేయించాం, ఇప్పుడు జల్లు లోపలికి కొట్టడం లేదు. నాన్నకి డిపోలో పొద్దుటి బస్సు వేశారు, చీకటితో లేవాలని సణుగుతూనే ఉన్నారు. మా కుట్టుపని దగ్గర స్కూలు యూనిఫాంల హడావిడి, కత్తెర పట్టి పట్టి నా బొటనవేలు కాయ కాచింది. పక్కింటావిడ రోజూ నిన్ను అడుగుతుంది. ఆవిడ జాలి చూస్తే నాకు ఒళ్ళు మంట. అందుకే ఆవిడ ఎదురుపడకుండా చెత్త పారబోసే వేళ మార్చుకున్నాను.

ఇక నీ చెల్లెలి సంగతి. చిట్టి ఇప్పుడు నువ్వు సైకిల్ తొక్కిన రాళ్ళ వాలు మీదే తొక్కుతోంది. మేం వద్దన్నాం. అది మూతి బిగించుకుని కూర్చుని, చివరికి ఎవరికీ చెప్పకుండా తన తేలిక సైకిలేసుకుని కొండ దిగింది. మోచేతులు చెక్కుకుపోయి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంకర పోయి ఇంటికొచ్చింది. ఎలాగూ తొక్కక మానదు, విరగని దాని మీదే తొక్కనీ అనుకున్నాను.

నేనూ చిట్టీ సైకిల్ షాపుకి వెళ్ళాం. నీకు సైకిల్ అమ్మిన అతనే, చెవి మీద పెన్సిలు పెట్టుకునే అతను.

"దీని ఎత్తుకి చిన్న చక్రాలు చాలు కదా?" అన్నాను.

"మామూలు దారికైతే చాలమ్మా. ఆ వాలులో రాళ్ళు కుండలంతేసి ఉంటాయి. చిన్న చక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది, పెద్దది పైనుంచి దొర్లుకుంటూ పోతుంది. ఇరవైతొమ్మిది అంగుళాలదే తీసుకోండి."

"పొట్టిది కదండీ, కాళ్ళు అందుతాయా?"

"చిన్న ఫ్రేము వేస్తే అందుతాయి. కాకపోతే నిట్టనిలువుగా దిగేటప్పుడు వెనక్కి జరిగితే టైరు పిర్రలకి రాసుకుంటుంది."

"రాసుకోనీండి, కాస్త బుద్ధొస్తుంది."

చిట్టి పకపకా నవ్వింది. నువ్వు పడ్డాక అది నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకే నేను సగం లొంగిపోయాను.

నా మెడలో టేపు ఎప్పుడూ ఉండేదే కదా, దాని కాలు కొలత అక్కడే తీశాను. అతను రెండు ఫ్రేములు దించాడు. ఒకటి నెమలికంఠం రంగుది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. రెండోది బూడిద రంగుది, బరువు, మొరటు. "ఇది ఎక్కేటప్పుడు ఏడిపిస్తుంది, దిగేటప్పుడు కాపాడుతుంది," అన్నాడు. చిట్టి రంగు చూసింది, నేను అతుకులు చూశాను. బట్టయినా ఇనుమైనా ముందు పోయేది అతుకు దగ్గరే. బూడిద రంగుదే తీసుకున్నాను.

అప్పుడు అతనన్నాడు, "ఫ్రేము ఒక్కటే చాలమ్మా. పెద్దమ్మాయి సైకిల్ ఫోర్కు, చక్రాలు, బ్రేకులు నా షాపులో ఉన్నవాటికంటే గట్టివి, కొలతా ఇదే, అవే దీనికి బిగిద్దాం. పడ్డప్పుడు కూడా వాటికేం కాలేదు."

నిజమే. వాటికేం కాలేదు. వాటి మీదున్న నీకే అయింది.

"అక్క సైకిల్ ముట్టుకోవద్దమ్మా. అక్క వచ్చి తొక్కుతానంది," అని చిట్టి బయటికి వెళ్ళిపోయింది. నేనూ దాని వెనకే వెళ్ళి ఒక మాట చెప్పాను. ఆ మాట దగ్గరికే వస్తున్నాను.

"నా సైకిల్ మీద గుడ్డ కప్పారా, గొలుసుకి నూనె వేస్తున్నారా, వానలు తగ్గేసరికి వచ్చేస్తాను" అని రాశావు. కాస్త కూర్చుని చదువు అని రాయబోయి ఆగాను తల్లీ. గుడ్డ తీసేశాం. ఫోర్కు, చక్రాలు, బ్రేకులు విప్పేశాం. విప్పింది నాన్నే. పనయ్యాక చేతులు తుడుచుకుంటూ, "బతికున్న పిల్ల ఒంటి మీద నగలు ఒలిచినట్టుంది," అన్నారు. "ఒలవకుండా రెండోదాన్ని కూడా మంచం ఎక్కించమంటారా?" అన్నాను. అప్పట్నుంచీ నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.

నువ్వు ఆస్పత్రిలో చేరిన మొదటి వారమే పెద్ద డాక్టరు మా ఇద్దర్నీ పిలిచారు. నీకు నడుం కింద మళ్ళీ కదలిక రాదన్నారు. రావచ్చేమో అని కూడా అనలేదు. అమ్మాయికి మెల్లగా మేం చెబుతాం అని ఆయనంటే, వద్దు, కన్నదాన్ని, నేనే చెబుతానన్నాను. చెప్పలేదు. ఎండలు తగ్గాక లేస్తావన్నాను, వానలు తగ్గాక నడుస్తావన్నాను. నడక నేర్పే గదిలో బార్లు పట్టుకుని ఒళ్ళు ఈడ్చుకుంటున్నానని నువ్వు రాసినప్పుడల్లా శభాష్ అని జవాబిచ్చాను. ఇప్పుడు ధైర్యం వచ్చి చెబుతున్నాననుకోకు. నీ చక్రాలు తీసేశాక ఆ అబద్ధానికి నిలబడే చోటు లేకుండా పోయింది, అంతే.

షాపు బయట చిట్టికి చెప్పింది ఇదే. నీకంటే ముందు దానికి చెప్పాను. అది రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఏడుస్తుందని చెంగు చేతిలోకి తీసుకున్నాను. ఏడవలేదు. లోపలికి వెళ్ళి, "అక్క బ్రేకులు నా వేళ్ళకి అందుతాయా?" అని అతన్ని అడిగింది. దాన్ని తిట్టుకోకు. దాని చోట ఉంటే నువ్వూ అదే అడిగేదానివి. నా కడుపున పుట్టినవాళ్ళు మీరు.

సైకిల్ పోటీల జట్టులో నీ చోటు అలాగే ఉంచారా అని కూడా అడిగావు. ఉంచారు. నిన్న చిట్టికి ఇచ్చారు. కొత్త సైకిల్ మీద అది దిగుతుంటే కోచ్ చూసి, అక్కకంటే భయం తక్కువ అన్నాడు. ఆ మాట నాకు పొగడ్తలా వినపడలేదు.

పోటీ వచ్చే నెల మొదట్లోనే, ఆ వాలు మీదే. నువ్వు పడిన మలుపు దగ్గర ఇదీ రోజూ తడబడుతోంది. నిన్ను అడగమంటే, ఏ మొహం పెట్టుకుని అడగను అంది. నాకు మొహమాటం లేదు, నేను అడుగుతున్నాను. ఆ రోజు బ్రేకు ఎక్కడ పట్టావో, చక్రం ఏ రాయి మీద జారిందో, ఏ పక్కకి వెళ్ళి ఉంటే పడేదానివి కాదో రాయి. నన్ను నాలుగు తిట్టాలనుంటే తిట్టు, పడతాను. కానీ ముందు మలుపు సంగతి రాయి, తిట్లు ఆ తర్వాత.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ