నల్లేరు ఎలుకలకు నొప్పి మందు

ఏప్రిల్ 7

ఒకటి చచ్చిపోయింది.

మత్తు సరిగ్గానే ఎక్కింది. కాలి వేలు గిల్లి చూసింది నేనే, కాలు లాక్కోలేదు. మత్తులో కళ్లు మూతపడవు కాబట్టి, ఆరిపోకుండా ఆయింట్‌మెంట్ కూడా రాశాను. నల్లేరు తీగకి ఎముక అతుకుతుందా అని చూడ్డానికి తొడ ఎముక విరిచి, పిన్ను పెట్టి, కుట్లు వేసేదాకా ఊపిరి ఆడింది. తర్వాత ఆగింది.

ఈ ప్రయోగంతో పీహెచ్‌డీ చేస్తున్న సుధాకరన్న గ్లౌజులు విసిరికొట్టాడు. "మత్తు ఎక్కువిచ్చినావేందిమే?"

నేనా! బరువు చూసి ఇచ్చాను. అరిచాను. బయటికెళ్లి నీళ్లు తాగి, వచ్చి సారీ చెప్పాను. అన్న నవ్వాడు. "నీ అరుపుకు సచ్చిన ఎలుక లేసి కూచుంటాదేమోనని సూస్తన్నా."

ఏప్రిల్ 8

కారణం దొరికింది. రాయి!

నాయన పాలిష్ పట్టి ఇచ్చిన పలకరాయి. ఆపరేషన్ టేబుల్ మీదికి బాగుంటుందని నేనే మోయించుకొచ్చాను. మార్కాపురంలో పుట్టినవాళ్లకి ఏది కావాలన్నా ముందు ఆ రాయే గుర్తొస్తుంది — అరుగైనా, గట్టైనా, సమాధైనా. ఏసీ గది, చల్లటి రాయి, మత్తులో పడుకున్న అరచేతంత ప్రాణి. మత్తులో ఒంటి వేడి నిలవదని ప్రయోగాల జంతువుల గురించిన కరపత్రంలో స్పష్టంగా ఉంది. ఎన్నిసార్లు చదివాను దాన్ని... చదివి ఏం లాభం. బయట తారు కరుగుతోంది, లోపల ఎలుక చలికి పోయింది.

"మార్కాపురంలో, ఈ ఎండల్లో, సలికి సచ్చిందంటే ఎవడన్నా నమ్ముతాడా పద్మా?"

కానీ అన్న నమ్మాడు. ఏసీ కట్టేశాడు. రాయి మీద వేడినీళ్ల సంచి, దాని మీద దుప్పటి. చెమటలు కారుతున్నా పని ఆపలేదు.

ఈ కాలేజీలో నా మాట వినే మనిషి ఆయనొక్కడే.

ఏప్రిల్ 9

ఇవాళ చేసినవన్నీ లేచాయి. తల ఊపుకుంటూ, తాగినవాళ్లలా.

ఏప్రిల్ 11

ఈ పనిలోకి వస్తానన్నప్పుడు ఒకే షరతు పెట్టాను. కాలు విరిచేది మనమే అయితే నొప్పి తీసేదీ మనమే. కోసేటప్పుడు మత్తు ఎలాగూ ఇస్తారు, లేకపోతే కొరుకుతాయి కదా. అది దయ కాదు, మన వేళ్ల కోసం. అసలు పరీక్ష మత్తు దిగాకే. పూటపూటకూ నొప్పి మందు.

"ఇస్తా తల్లీ, ఇస్తా. ఎలుకల ప్రయోగం అనుమతికి పెట్టిన కాగితంలోనే రాసినా గదా" అన్నాడు అన్న. నా తల మీద చెయ్యి పెట్టి మరీ. ఆ కరపత్రాలు నాకు మొదట తెచ్చిచ్చింది కూడా ఆయనే. ఎలుకలు మూగవి కావనీ, మన చెవికి అందనంత సన్నటి గొంతుతో అరుస్తాయనీ నేను చదివింది ఆయనిచ్చిన కాగితంలోనే. బస్టాండులో నిలబడి చదివి ఏడ్చాను. నేనెక్కాల్సిన గిద్దలూరు బస్సు వెళ్లిపోయింది.

సూది గుచ్చేది నేను. నింపి ఇచ్చేది అన్న. "నీ సెయ్యి తేలిక. నింపేది నాకు వదిలెయ్."

ఏప్రిల్ 13

ముఖాలు బాగాలేవు. కళ్లు సగం మూసుకుని, చెవులు వెనక్కి, బుగ్గలు బిగిసి. కరపత్రంలో బొమ్మ ఎలా ఉందో అలాగే. ఆ కాగితం చింపి పంజరాల పైన గోడకి అంటించాను. నొప్పి ముఖం అంటే ఇదీ అని.

అన్న చూసి — "సలికిమే. నువ్వే గదా సెప్పింది, ఇంకా ఒంట్లో వేడి ఎక్కలేదు."

అవును. నేనే చెప్పాను.

దుప్పటి ముక్కలు కత్తిరించి అన్ని పంజరాల్లో వేశాను.

ఏప్రిల్ 14

దుప్పట్లలో దూరాయి. ముఖాలు మారలేదు.

ఏప్రిల్ 15

మందు కొంచెం పెంచుదాం అన్నాను. "పెంచితే ఊపిరి పట్టుద్ది. ఇంకోటి పోతే నువ్వు బాధ్యతా?"

అన్న నింపిచ్చిందే గుచ్చాను. గుచ్చుతున్నంతసేపూ ఒక్కోదానికీ చెబుతున్నాను, కాసేపు ఓర్చుకో, ఇప్పుడే తగ్గిపోతుంది అని. ఎవరైనా వింటే నవ్వుతారు. నవ్వనీ.

ఏప్రిల్ 17

ఇప్పుడే రాయాలి.

కుట్ల దారం అయిపోయింది. అన్న తాళంచెవి నా చేతికిచ్చాడు, "బీరువాలో ఉంది, తెచ్చుకోపో" అని. దారం పక్కనే నొప్పి మందు సీసాలు. వరసగా, దుమ్ముపట్టి. ఒక్కదానికీ మూత మీది రేకు ఊడలేదు. ఒక్కదానికీ! సూది దిగిన గుర్తే లేదు.

మరి నేను గుచ్చిందేంటి?

అడిగాను. అక్కడే, తలుపు దగ్గరే. అన్న ముఖం చూశాను. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. వెతుక్కోలేదు.

"సెలైన్."

ఉప్పునీళ్లు. ఇన్ని రోజులూ. నా చేత్తో. ఓర్చుకో ఓర్చుకో అని చెబుతూ.

ఏప్రిల్ 17, సాయంత్రం

అన్న అన్న మాటలు, మర్చిపోకముందే —

"మా తాత పెద్దారవీడులో ఎంతమందికి కట్టు కట్టినాడో నీకు తెల్వదు. నల్లేరు నూరి పట్టేసి, వెదురు దబ్బలు కట్టేటోడు. నొప్పికి ఏమీ ఇచ్చేటోడు కాదు. నొప్పి ఎముకకు కాపలా అనేటోడు. నొప్పి లేకుంటే మనిషి లేసి నడుస్తాడు, అతుకు కదులుద్ది. ఎలుకైనా అంతే. మందిచ్చినామంటే ఇరిగిన కాలు మీదనే పరిగెత్తుతాది. నల్లేరు పనిచెయ్యలేదని రాసుకోవాల్సి వస్తాది. మా తాత మాట అబద్ధమైపోతాది. అర్థమైతాందా?"

"మరి నా తల మీద చెయ్యి ఎందుకు పెట్టినావు?"

"పెట్టకుంటే నువ్వు వచ్చేదానివి కాదు. నీ అంత తేలిగ్గా సూది గుచ్చేవాళ్లు ఈడ ఎవరూ లేరు."

ఇదీ సంగతి. నా కోపం కాదు, నా కరపత్రాలు కాదు. నా చెయ్యి కావాలి.

ఇంకా అన్నాడు — "నిన్ను మోసం చెయ్యాలని కాదుమే. గుచ్చినాననే తృప్తి నీకుంటాదని."

నా తృప్తి కోసం ఎలుకలకి ఉప్పునీళ్లు! చేతిలో ట్రే ఉంది. విసిరాను. ఆయన మీదికి కాదు, గోడకి. చప్పుడుకి పంజరాల్లో అన్నీ ఒక మూలకి ముడుచుకుపోయాయి. అది చూసి సిగ్గేసింది. ఆయన వల్ల కాదు, ఇప్పుడు నా వల్ల.

ఏప్రిల్ 18

నాయనను అడిగాను. క్వారీలో పడి ఆయన చెయ్యి విరిగినప్పుడు కట్టు కట్టింది అన్న వాళ్ల తాతే.

"నొప్పికి ఏమన్నా ఇచ్చినాడా నాయనా?"

"ఏమిస్తాడు... నోట్లో తువ్వాల కుక్కినాడు."

"నొప్పి ఉంటే కదలకుండా ఉంటారంట కదా?"

"యాడ ఉంటాం మే, రాత్రంతా దొర్లుతా ఉంటిమి." ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అయినా అతుక్కుంది గదా. ఆయప్పను ఏమనాకు."

అతుక్కుంది. నిజమే. నొప్పి వల్లనా, నొప్పి ఉండి కూడానా? తేల్చాలంటే కొన్నిటికి మందిచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చేసి చూడాలి. అన్న అలా చేస్తానన్నా పోట్లాడేదాన్ని కాదేమో... కాదు, అప్పుడూ పోట్లాడేదాన్ని.

ఏప్రిల్ 19

ప్రిన్సిపాల్ మేడం దగ్గరికెళ్లాను. సీసాల సంగతి చెప్పాను. మొత్తం విన్నారు. "మంచి పిల్లోడమ్మా సుధాకరు. మన కాలేజీలో మొదటి పీహెచ్‌డీ. రచ్చ చెయ్యబాకు." నేను లేచేలోపే ఫోన్ తీసి, "సుధాకరూ, ఒకసారి రా" అన్నారు.

రేపు మిగతా ఎలుకలకి ఆపరేషన్.

నన్ను రమ్మని అన్న కబురు పెట్టాడు. ఏమీ జరగనట్టు. "వేడినీళ్ల సంచి మర్చిపోవద్దు" అని కూడా. నేను చెప్పిందే నాకు!

ఏప్రిల్ 20

ఎలుకల గదిలో ఉన్నాను. లోపల గడియ పెట్టుకున్నాను. డైరీ ఒళ్లో ఉంది.

పొద్దున అన్న వచ్చేలోపే బీరువా తెరిపించాను. అటెండరు ఏమీ అడగలేదు, రోజూ చూసే మనిషినే కదా. సీసా రేకు నేనే పీకాను. నేనే నింపాను, ఒక్కోదాని బరువుకి లెక్క చూసుకుని. కాలు విరిచినవాటన్నిటికీ ఇచ్చాను. ఈసారి ఏమీ చెప్పలేదు వాటికి.

ఊపిరి చూస్తూ కూచున్నాను. అన్నిటికీ బాగానే ఆడుతోంది.

తలుపు కొడుతున్నాడు.

"పద్మా. తలుపు తియ్యి. ఇచ్చినావా? ఏమి ఇచ్చినావు? సెప్పుమే!"

అనుమతి కాగితంలో నువ్వు రాసిందే ఇచ్చాను అన్నాను.

తలుపు అవతల నుంచి, మెల్లగా — "నాశనం చేసినావు గదే. మూడేళ్ల పని."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ గొంతు వినలేకపోయాను. నాకు చదువు నేర్పిన గొంతు. నాయనను ఒప్పించి నన్ను ఈ కోర్సులో చేర్పించిన గొంతు. లేచి గడియ మీద చెయ్యి వేశాను కూడా. అవతలి పంజరాల్లో ఇంకా కాళ్లు విరగనివి ఉన్నాయి. ముక్కులు ఊచల్లోంచి బయటికి పెట్టి చూస్తున్నాయి. గడియ తీస్తే వాటి వంతు.

తియ్యలేదు.

చెప్పుల చప్పుడు దూరమైంది. మేడం గది వైపు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఉక్క. ఇవాళ చలి అని ఎవరూ అనలేరు.

మూల పంజరంలోది దుప్పటి ముక్కలోంచి బయటికొచ్చింది. కుంటుతోంది. విరిగిన కాలు నేల మీద ఆనించింది... అన్న చెప్పినట్టే. అతుకు కదులుతుందా? తెలియదు. వెనక్కి కూచుంది. ముందు కాళ్లు రెండూ ఎత్తి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది. చెవుల వెనక, ముక్కు మీద, తీరిగ్గా. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒక్కటి కూడా ఆ పని చెయ్యలేదు.

వరండాలో చాలా చెప్పుల చప్పుడు. ఇటే వస్తున్నారు.

ఇంకోటి లేచింది.