ఒకే మనిషి, రెండు క్లెయిములు

ఆగస్టు 19

ఈ మధ్యాహ్నం మా ఆవిడ పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున లేచింది. కిటికీ తెరవమంది. తెరిచాను. ఎండ కళ్ళల్లో పడుతోంది, వేసెయ్యమంది. వేశాను. మీకు ఏ పని చెప్పినా రెండుసార్లు చేయించుకోవాల్సిందే అంది. సగం గ్లాసు కాఫీ తాగింది. తరువాత ఆయాసం మొదలైంది. అంబులెన్స్‌లో నా చెయ్యి పట్టుకుంది. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మా అమ్మాయి కంటే చిన్నవాడైన డాక్టరు బయటికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ సారీ అన్నాడు. గుండె.

అమ్మాయికి ఫోన్ చేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. అబ్బాయి మన మతం వాడు కాదు. పెళ్ళికి నేను వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. ఈమె వెళ్ళలేదు. అమ్మాయి వచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ నా గురించి ఏమైనా అందా అని అడిగింది. లేదన్నాను. ఉన్నదే చెప్పాను.

ఆగస్టు 21

సమాధి చేశాం. అంత్యదినాన లేస్తుందని పాస్టర్‌గారు చెప్పారు. లేస్తుంది.

జూన్ 4

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికేమీ లేదు. ఆఫీసు, ఇల్లు, ఆదివారం చర్చి.

ఈ రోజు అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. తల్లీపిల్లా క్షేమం.

జూన్ 9

చూడటానికి వెళ్ళాను. వాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యదు. నేను చెప్పులు విప్పకముందే అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. నాన్నా, అమ్మ వచ్చేసింది అంది.

నాకు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాను.

ఉయ్యాల దగ్గరికి లాక్కెళ్ళి పాప ఎడమ మణికట్టు తిప్పి చూపించింది. లోపలివైపు ఎర్రటి మచ్చ. ఒక పక్క మొనదేలి ఉంది. మా ఆవిడకి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉండేది. పెళ్ళైన కొత్తలో నా చొక్కా ఇస్త్రీ చేస్తుంటే కాలింది. అదీ ఒక పక్క మొనదేలే ఉండేది. అదే చోటు నాన్నా, అదే చెయ్యి అంది అమ్మాయి. నా మీద కోపం పోయింది కాబట్టే నా కడుపున పుట్టింది, కోపమే ఉంటే ఇంకెవరింట్లోనో పుట్టేది కదా అంది. అంటూ నవ్వుతోంది. తల్లి పోయాక అది నవ్వడం ఇదే చూడటం.

నేను మచ్చని పరీక్షగా చూశాను. సైజు, రంగు, అంచులు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ ఇన్వెస్టిగేటర్‌ని. కాలిన గోడౌన్లు, గుద్దుకున్న కార్లు. కొత్త సొట్ట ఏదో పాత సొట్ట ఏదో చెప్పడమే నా ఉద్యోగం.

పక్కన వియ్యపురాలు బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడం నాకు నచ్చలేదు. వాళ్ళకి పునర్జన్మ వింతేమీ కాదు.

జూన్ 10

నెలలు లెక్క వేశాను. సరిపోతున్నాయి. సరిపోయే క్లెయిముల మీదే నాకు అనుమానం ఎక్కువ.

జూన్ 12

ఆఫీసులో భాయ్‌కి చెప్పాను. మా సర్వేయర్. ఇరవై ఏళ్ళుగా ఇద్దరం ఒకే బూడిద తొక్కుతున్నాం. ఇస్లాంలో పునర్జన్మ ఉందా అని అడిగాను. మాకు రిటర్న్ టికెట్ లేదు సార్, వన్ వే అన్నాడు. పోయినవాళ్ళకీ మనకీ మధ్య తెర ఉంటుందట. అందరూ లేచే రోజు వరకూ దాన్ని ఎవరూ తియ్యరట. ఆ తరువాత గడ్డం గోక్కున్నాడు. యూదుల్లో కొందరు పెద్దలు మాత్రం ఆత్మ తిరిగొస్తుందని ఒప్పుకున్నారట సార్, మావాళ్ళలోనూ ఎక్కడో కొండల్లో కొందరు అంటారట, ఆ మాట మా ఇమామ్‌గారి ముందు ఎత్తితే నన్ను ఇప్పుడే తెర అవతలికి పంపిస్తారు అన్నాడు.

నీ సంగతేమిటన్నాను. వాళ్ళ నాన్న పోయాక భాయ్‌కి పుట్టిన రెండో కొడుకుని వాళ్ళమ్మ ఒక్క దెబ్బ కొట్టలేదట. భాయ్ కొట్టబోతే, మీ నాన్న మీదే చెయ్యెత్తుతావురా అని అడ్డం పడేదట. ఆవిడ ఐదు పూటలా నమాజు తప్పని మనిషి.

నిజంగా నమ్మిందా అన్నాను. ఆవిణ్ణి అడిగే దమ్ము ఎవరికుంది సార్ అన్నాడు.

జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్‌గారి గదికి వెళ్ళాను. రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను.

ఒకటి. బాప్తిస్మమిచ్చే యోహాను రావలసిన ఏలీయాయే అని ప్రభువే అన్నాడు కదా, అదేమిటి? ఏలీయా చావనే లేదు, ప్రాణంతో పైకి వెళ్ళాడు, చావనివాడు మళ్ళీ ఎలా పుడతాడు అన్నారు పాస్టర్‌గారు. మనిషి కాదట, ఏలీయాకున్న ఆత్మ, బలమట.

రెండు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు చేసిన పాపమా, తల్లిదండ్రులు చేసినదా అని శిష్యులు అడిగారు. పుట్టకముందే పాపం ఎలా చేస్తాడు? అలా అడిగారంటే అలా అనుకునేవాళ్ళు అప్పట్లో ఉన్నట్టేగా? ఆయన రెండూ కాదన్నాడు, అక్కడితో ఆ సంగతి ముగిసింది అన్నారు.

జవాబులు బాగున్నాయి. కానీ చాలాసార్లు చెప్పి అరిగిన జవాబుల్లా ఉన్నాయి. అదే అన్నాను. మీరు దేవుణ్ణి కూడా క్రాస్ ఎగ్జామినేషన్ చేసేలా ఉన్నారే అని నవ్వారు. మనిషి ఒక్కసారే పుడతాడు, ఒక్కసారే చస్తాడు, ఆ తరువాత తీర్పు, ఇందులో సందులేదు అన్నారు.

ఆ మాట పూర్తికాకుండానే ఆయన మనవరాలు పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీదికెక్కింది. మా అమ్మే, మా అమ్మ మళ్ళీ వచ్చిందే అని దాని తల నిమిరారు. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు. అది మాట వరసకండీ అన్నారు.

నేనూ అమ్మాయిని పుట్టినప్పటినుంచీ అమ్మా అనే పిలుస్తున్నాను. మనందరిదీ మాట వరసే. అందులో ఏది ఎక్కడ మొదలైందో ఎవరూ విచారించలేదు.

జూన్ 16

ఒక లారీని రెండు కంపెనీల్లో ఇన్సూర్ చేసి, ఒకే యాక్సిడెంట్‌కి రెండు చోట్లా డబ్బు అడుగుతారు. పట్టుకోవడం కష్టం కాదు. లారీ ఒక్కటే.

లేచిన ప్రభువు చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయి. అంటే మచ్చలు కూడా లేస్తాయి. ఇస్త్రీపెట్టె మచ్చతో సహా ఆమె లేవాలి. నేను గుర్తుపట్టాలి. ఆ మచ్చ ఇప్పటికే ఉయ్యాల్లో ఉంటే సమాధిలో ఉన్నదెవరు?

జూన్ 21, శనివారం

మళ్ళీ వెళ్ళాను. ముగ్గురినీ విడివిడిగా అడిగాను.

అల్లుణ్ణి బాల్కనీలో పట్టుకుని, మీ అత్తయ్యకి చేతి మీద వేడినూనె పడింది కదా, ఏ చెయ్యి అన్నాను. నూనె నేను కల్పించింది. ఎడమ చెయ్యి మామయ్యా, పాపం నూనె పడితే ఎంత మండి ఉంటుందో అన్నాడు. మంచి కుర్రాడు. సాక్షిగా పనికిరాడు.

అమ్మాయి ఎడమే అంది. ఫోన్‌లో ఫోటో ఉందని చూపించింది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునే రోజుల్లో, పుస్తకాల షాపు ముందు తీసుకున్న సెల్ఫీ. మా ఆవిడ చెంపకి చెయ్యి ఆనించి ఉంది. ఎడమ మణికట్టు మీద మచ్చ. నాకూ పంపించింది. నీకు గుర్తులేదా నాన్నా అంది. ముప్ఫై ఏళ్ళు పట్టుకున్న చెయ్యి. ఏది అంటే చెప్పలేకపోయాను.

వంటింట్లో వియ్యపురాలిని సూటిగానే అడిగాను. చెల్లెమ్మగారూ, ఈ మాట పిల్ల బుర్రలో ఎవరు పెట్టారు?

ఆవిడ స్టౌ కట్టేసింది. మీరు ఇలా అడుగుతారని నాకు మొదటిరోజే తెలుసు అన్నయ్యగారూ అంది. ఆసుపత్రిలో మచ్చ చూసింది మీ అమ్మాయే, అన్నదీ మీ అమ్మాయే, నేను నోట్లో చెంగు కుక్కుకుని ఊరుకున్నాను, మా వైపు నుంచి ఒక్క మాట వస్తే పిల్లని మతం మార్చేశామంటారని అంది. నాకేం సంతోషమనుకున్నారా, లేకలేక మనవరాలు పుడితే దాన్ని తీసుకెళ్ళి వియ్యపురాల్ని చేశారు, వియ్యపురాలు ఉయ్యాల్లో ఉంటే నా ఇంట్లో నేను కాళ్ళు చాపుకుని ఎలా కూర్చోను అంది.

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. అది నాకు ఇబ్బందిగా ఉంది.

జూన్ 22

ఫోటోని కంప్యూటర్‌లో పెద్దది చేశాను. వెనక షాపు బోర్డు ఉంది. అక్షరాలు తిరగేసి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు.

కొన్ని ఫోన్లలో ముందు కెమెరా ఫోటోని అలాగే తిరగేసి సేవ్ చేస్తుంది. తిరగబడిన నంబర్ ప్లేట్లు ఎన్ని చూశాను! కుడి డోరు సొట్టకి ఎడమ డోరు బిల్లు పెట్టినవాళ్ళున్నారు.

మచ్చ కుడి చేతికి. ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. మచ్చ కనబడకుండా వాచీ కుడి చేతికే పెట్టుకునేది, ఫోటో రోజు పెట్టుకోలేదు. మీది ఎడమచేతి వాటమా అని వాచీల షాపతను అడిగితే, కాదండీ, మా ఆయన చొక్కాల వాటం అంది.

జూన్ 23

కేసు క్లోజ్.

జూన్ 26

పాస్టర్‌గారు ఫోన్ చేశారు. ఫోటో సంగతి చెప్పాను. దేవునికి స్తోత్రం అన్నారు. వెంటనే వెళ్ళి అమ్మాయికి చెప్పమన్నారు. వెళ్తానన్నాను. చొక్కా కూడా వేసుకున్నాను. వెళ్ళలేదు.

ఏ కేసులోనైనా మొదట అడిగేది ఒకటే. ఈ క్లెయిమ్ నిలబడితే నష్టం ఎవరికి? అమ్మాయికి లాభం. తల్లి క్షమించిందన్న మాట దానికి దక్కింది. ఆ మాట అది ఇంకెక్కడా తెచ్చుకోలేదు. నా దగ్గరా లేదు. వియ్యపురాలికి నష్టం, కాళ్ళు చాపుకునే వీల్లేకపోవడం. పాస్టర్‌గారికి ఒక ప్రసంగం.

మిగిలింది నేను. ఆమె ఆ ఉయ్యాల్లో ఉంటే నేను ఆమెకి తాతయ్యని. అంత్యదినాన అందరూ లేచి ఎవరి మనుషుల్ని వాళ్ళు వెతుక్కుంటుంటే, నన్ను వెతుక్కుంటూ ఎవరూ రారు.

ఇన్నాళ్ళూ నేను వాక్యం తరఫున విచారిస్తున్నాననుకున్నాను. పార్టీని నేనే. పార్టీ రాసిన రిపోర్టుని మా కంపెనీ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.

కానీ బోర్డు అక్షరాలు తిరగేసే ఉన్నాయి.

జూలై 1

వియ్యపురాలు ఆఫీసుకే ఫోన్ చేసింది. ఇంటి నుంచి కాదు. కింద మందుల షాపు దగ్గర నిలబడి చేస్తున్నానంది.

మచ్చ పలచబడుతోందట. ఇలాంటివి కొన్ని వాటంతటవే పోతాయని పిల్లల డాక్టరు చెప్పాడట. అప్పట్నుంచీ అమ్మాయి ఆ చేతికి నీళ్ళు తగలనివ్వడం లేదట. గుడ్డ చుట్టి ఉంచుతోందట. కింద చర్మం ఒరిసి పుండు పడుతోందట. గుడ్డ విప్పబోతే, మీకేం అత్తయ్యా, మీ అమ్మ కాదుగా అందట. రోజంతా ఫోటోలు తీసి నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టుకుని చూస్తోందట. పాప ఏడిస్తే ముందు చెయ్యి చూస్తోంది అన్నయ్యగారూ, ఆ తరువాతే పాలిస్తోంది అంది.

మా వైపు వాళ్ళం చెప్తే వినదు, మీరొచ్చి ఏదో ఒకటి చెప్పండి, పోనీ మీ దేవుడి మాటే చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు అంది.

జూలై 2, మధ్యాహ్నం

అమ్మాయే ఫోన్ చేసింది. వెనక పాప ఏడుపు. నాన్నా, అమ్మ మళ్ళీ వెళ్ళిపోతోంది, నేనేం తప్పు చేశాను అంది.

నువ్వు క్లెయిములు చూసేవాడివి కదా, నీకు అబద్ధం చెప్పడం రాదు కదా, అమ్మ మచ్చ ఏ చేతికి అని అడిగింది.

అంటే దానికీ అనుమానం వచ్చింది. నా కూతురు.

వచ్చి చెప్తానన్నాను. ఫోన్‌లోనే చెప్పు అంది. వస్తానన్నాను.

ఎడమ అంటే వచ్చిన అమ్మ వెళ్ళిపోతోంది. కుడి అంటే అమ్మ రానే లేదు. పాస్టర్‌గారి జవాబూ భాయ్ జవాబూ ఈ ప్రశ్నకి కావు. ఆమె లేస్తుందని సమాధి చేసిన రోజు తెలిసినట్టే ఒక్క ముక్కలో రాశాను. ఇప్పుడు అది తెలియడం కాదని, ఎదురుచూడటమని రాస్తున్నాను. అది నా పని. దాన్ని ఆ పసిదాని చేతికి కట్టే హక్కు అమ్మాయికీ లేదు, నాకూ లేదు.

జూలై 2, సాయంత్రం

మచ్చ సైజు రాయమంటే రాస్తాను. రంగు, అంచులు రాస్తాను. పాప కళ్ళు ఎలా ఉంటాయో రాయమంటే రాయలేను. ఇంట్లో అందరం మణికట్టే చూశాం.

రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్తాను. కుడి చెయ్యి అని చెప్తాను. అమ్మాయి ఏడ్చినంతసేపూ పాపని నేనెత్తుకుంటాను.