లావు అక్షరం మీద తగాదా

చెరువుకిందపల్లె,
9 ఏప్రిల్ 2025

కడపలో అచ్చాఫీసు నడుపుతున్న నా మాజీ మిత్రుడు ఓబుళేశుకు,

వీరభద్ర పిడికిలి బిగించి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నాన్నా క్షేమం. నా కోపమూ క్షేమం. నువ్వు నా నంబరు బ్లాక్ చేశావు గనక ఈ ఉత్తరం కమలాపురం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నా.

మా ఊరి బోరు మోటారు కాలిపోయి నలభై రోజులైంది. మంచినీళ్ల ఇంజనీరు నారాయణ గారి ఆఫీసు ముందు సభ పెట్టాలని నేను కరపత్రం రాసుకొస్తే, నువ్వు అక్షరం దగ్గర అడ్డం తిరిగావు. నేను అడిగిందేమిటి? నీ కంప్యూటర్లో ఉన్న ఆ లావు అక్షరం. ఒక గీత దున్నపోతు మెడంత, పక్క గీత వెంట్రుకంత, కొసలకు చిన్న చిన్న పాదాలు. రోడ్డుకు అవతల నుంచి కూడా మనిషిని నిలదీసే అక్షరం! దాన్ని కరపత్రం తలకాయకు, అంటే పై శీర్షికకు మాత్రమే పెట్టుకోమన్నావు. లోపల చిన్న సైజులో పెడితే ఆ సన్న గీతలు చౌక కాగితం మీద నిలబడవన్నావు. మామూలు అక్షరం పాలకవర్గాల అక్షరమని నేను వాదిస్తే నువ్వేమన్నావు?

"ఈ అక్షరానికీ నీకూ ఒకటే రోగమప్పా. అరిసేదానికే గానీ, వివరంగా చెప్పేదానికి ఇద్దరూ పనికిరారు."

ఆ మాట ఇంకా మండుతోంది. సరే, పేజీ మొత్తం నా మొండితనం ప్రకారమే అచ్చయింది. ఇప్పుడు ఫలితం చదువుకో.

పోయినసారి సభకు వచ్చింది నలుగురు, అందులో ఒకరు మా అమ్మ. ఈసారి నూట ఇరవై మంది! ట్రాక్టర్లెక్కి వచ్చారు. మగవాళ్లు తలగుడ్డలు తీసి చేత పట్టుకున్నారు. కొందరు పూలదండలు కూడా తెచ్చారు. ప్రజలు తమంతట తాము కనిపెట్టిన కొత్త నిరసన అనుకుని పొంగిపోయా. లోపల నారాయణ గారు టీలో బిస్కెట్ ముంచి, జనాన్ని చూసి, దాన్ని పైకి తీయడం మరిచిపోయారు.

మా ఊరికంతా పెద్దది గిడ్డమ్మవ్వ. నేరుగా పోయి ఆయన చెయ్యి పట్టి చూసింది.

"ఉండావా నాయనా? ఉండి గూడా మాకు నీళ్లు ఇయ్యలేదా?" అంది.

ఓబుళేశూ, ఇంత పదునైన వాక్యం నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. ఆయన అక్కడికక్కడే కొత్త మోటారు మంజూరు కాగితం మీద సంతకం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి కొత్త మోటారు దిగింది, కుళాయిల్లో నీళ్లొచ్చాయి. అక్షరమే ఆయుధమన్న నా సిద్ధాంతం గెలిచింది. నిన్ను క్షమిస్తున్నా.

పోరాటంలో అలసిపోని,
వీరభద్ర

తా.క. ఇంత రాశాక నిజం దాచడానికి మనసు ఒప్పుకోవడంలేదు. నువ్వు చెప్పినట్టే సన్న గీతలన్నీ ఎగిరిపోయాయి. బోరు గురించి నేను రాసిన రెండు పేరాలు ఒక్కరికీ చదవడానికి వీల్లేకపోయింది. కనపడినవి పెద్ద సైజులో వేసినవే: నారాయణ గారి పేరు, ఫొటో, చుట్టూ నేను పట్టుబట్టి వేయించిన నల్ల అంచు, కింద ఆఫీసు అడ్రసూ టైమూ. ఆ అక్షరం మనవైపు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకే వాడతారని కూడా నువ్వు చెప్పావు, పైన రాయడానికి నాకు చెయ్యి రాలేదు. జనం వచ్చింది ఆయన కడసారి చూపుకు.

నిన్నటి నుంచి రాయచోటిలో ఆయన చుట్టాలు ఫోన్లు చేసి ఏడుస్తున్నారట. నారాయణ గారేమో, తాను బతికే ఉన్నానని నేను ఊరూరా కరపత్రం పంచకపోతే మోటారు ఊడబీకించుకు పోతానంటున్నారు. ఐదొందల కాపీలు, ఎల్లుండికి కావాలి. అక్షరం నువ్వే ఎంచు. నేను నోరెత్తను.